చారులో లేని ఇంగువ

పంతొమ్మిదేళ్లుగా ఒక మాట నాలోనే ఉండిపోయింది. దాన్ని మోస్తున్నానని కూడా గట్టిగా అనలేను. మోసేవాళ్లకు బరువెంతో తెలుస్తుంది, నాకు అదీ సరిగా తెలియదు. కొన్ని నెలలు పూర్తిగా మరిచిపోతాను. ఆఫీసుకు వెళ్తాను, ఫైళ్లు చూస్తాను, పక్క సీటావిడతో నవ్వుతాను. ఒకరోజు ఏ హోటల్లోనో ముందు సాంబారు గిన్నె పెడతారు. ఇంగువ వాసన. అంతే, ముద్ద దిగదు, లేచి వచ్చేస్తాను. నాకు ఇంగువ పడదని అందరికీ చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లకు చెప్పగలిగే దమ్ముంటే ఎప్పుడో చెప్పేదాన్ని. ముందే ఒక సంగతి: నేను చేసిన తప్పు ఎంతవరకో నాకే ఇప్పటికీ తేలలేదు. రాస్తూ పోతే తేలుతుందేమోనని కూర్చున్నాను. తేలకపోతే నన్ను తిట్టుకోకండి.

మా బాపు సర్కారు బడిలో సైన్సు సారు. ఫలక్‌నుమా స్టేషన్‌కు పది నిమిషాల నడకలో మా ఇల్లు. నాకు పదేళ్లప్పుడు అమ్మ పోయింది. ఆ తర్వాత జడ బాపే వేసేవాడు. మూడు పాయలు తీసి, పాయ మలిపిన ప్రతిసారీ నాతో ఒక చెట్టు పేరు చెప్పించేవాడు. చెప్పిన పేరే మళ్లీ చెబితే జడ విప్పేసి మొదటికొచ్చేవాడు. పాపిట ఏనాడూ తిన్నగా రాలేదు. బడిలో నన్ను వంకర పాపిట అని ఏడిపించేవాళ్లు. ఇంటికొచ్చి ఏడిస్తే బాపు అద్దం తెచ్చి, "ఏ కొమ్మన్న తిన్నగ పెరుగుతదా బిడ్డా?" అన్నాడు. నవ్వొచ్చింది. ఆ మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం చాలా కష్టం. అయినా నేను నిలబెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున ఏడింటికి మా ఇంటి ముందు పాతిక ముప్పై మంది పిల్లలు చేరేవాళ్లు. బాపు దగ్గర ఒక హాజరు రిజిస్టరు ఉండేది, బడిలో ఉండేలాంటిదే. అందులో చెట్ల పేర్లు. మా గల్లీ మొదలుకొని స్టేషన్ గోడ దాకా నలభై ఒక్క చెట్లు. గానుగ, వేప, రేల, చింత, ఒక్కోదానికి ఒక నంబరు, ఒక్కోదానికి పూచీగా ఒక పిల్లో పిలగాడో. బాపు చెట్టు ముందు నిలబడి నంబరు పిలిచేవాడు. చెట్టు పలకదు కదా, దాని తరఫున పూచీ ఉన్నవాళ్లు "హాజర్ సార్" అనాలి. ఊరికే అంటే ఒప్పుకోడు. ఆ వారంలో చెట్టుకు వచ్చిన మార్పు ఒకటి చెప్పాలి. చిగురేసింది, చీమలు పట్టాయి, ఎవరో మేకు కొట్టారు, ఏదో ఒకటి. చెబితే రిజిస్టరులో "హా" అని రాసి, పక్కన ఆ మార్పు రాసుకునేవాడు. చెప్పలేకపోతే "గై". గైరుహాజరు. చెట్టు అక్కడే నిక్షేపంగా నిలబడి ఉన్నా సరే, చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే గైరుహాజరే.

నా నంబరు పదిహేడు. మా పెరట్లో గోడనానుకుని ఉన్న నెమలినార చెట్టు. ఎండాకాలంలో దానికి పల్చటి గుండ్రటి కాయలు గుత్తులుగా కాసి, ఎండి, గాలికి గల్లీ అంతా ఎగిరేవి. మధ్యలో ఉన్న చిన్న పప్పును పిల్లలు ఒలుచుకు తినేవాళ్లు. మిగతా చెట్లకు పూచీ ఉన్న పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోతే కొత్తవాళ్లు వచ్చేవాళ్లు. పదిహేడు మాత్రం నాదే. ఉద్యోగం వచ్చాక కూడా ఆదివారం చీర కట్టుకుని నిలబడి, కన్నతండ్రిని పట్టుకుని "హాజర్ సార్" అనేదాన్ని.

గోడ అవతల సాలెహ్ చిచ్చా. కిటికీలకు, గేట్లకు గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపు ఆయనది. వాళ్ల సొంత బస్తీ బార్కస్. బాపూ ఆయనా ఒకే బడిలో ఉర్దూ చదువుకున్నవాళ్లు. సాయంత్రం చాయ్ లేకుండా, అది ఇద్దరూ కలిసి తాగకుండా, వాళ్లకు రోజు పూర్తయ్యేది కాదు. ఎండాకాలమంతా మా చెట్టు కాయలు ఆయన సంపులో పడేవి. "మాస్టర్ సాబ్, ఆప్‌కా సత్రా నంబర్ ఫిర్ మేరే సంపు మే గిరా" అని గోడ మీంచి కేకేసేవాడు. మీ పదిహేడు మళ్లీ నా సంపులో పడిందని. సత్రా అంటే పదిహేడు. నా పేరు కూడా ఆయన నోట్లో సత్రాయే అయిపోయింది. ఎప్పుడూ గొణిగేవాడు. ఎప్పుడూ ఒక్క కొమ్మ కొట్టలేదు.

ఇక నా కోపం. దీన్ని ఎలా చెప్పాలో తెలియట్లేదు. మా ఇల్లు ఒకటిన్నర గదులు. నాకు ఇరవై ఆరేళ్లు, ఉద్యోగం ఉంది, చీర మార్చుకోవాలంటే స్నానాల గదిలోకి పోవాలి. ఆదివారమైతే ఇంటినిండా వేరేవాళ్ల పిల్లలు, నా దుప్పటి మీద వాళ్ల మట్టి కాళ్లు. పైన ఒక గది వేసుకుందామన్నాను. బాపు సరేనన్నాడు. మేస్త్రీ వచ్చి చూసి, పెద్ద కొమ్మలు రెండు తీయాలి, వేరు గోడ కిందికి వచ్చింది, చెట్టుంటే లాభం లేదన్నాడు. బాపు మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదు. చెట్టుకు ఇచ్చిన చోటు కూతురికి ఇవ్వలేడా అనిపించింది. గది కోసమే అలా చేశానా? లేక నలభై ఒక్క చెట్లకూ ముప్పై మంది పిల్లలకూ పంచి, మిగిలితే నాకిచ్చే ఆ ప్రేమ చాలకనా? ఒకరోజు ఇదనుకుంటాను, ఒకరోజు అదనుకుంటాను. రెండూ నిజం కాకపోవచ్చు. ఊరికే మొండితనం కూడా కావచ్చు.

ఆఫీసులో ఒకామె మాటల సందర్భంలో చెప్పింది, చెట్టు మొదట్లో చిల్లు పెట్టి ఇంగువ కూరితే నిలువునా ఎండిపోతుందట. వాళ్ల ఊళ్లో అలాగే చేస్తారట. మా ఇంట్లో ఇంగువ ఉండదు. అమ్మ కాలం నుంచీ తాలింపుకు వెల్లుల్లే. ఆఫీసు నుంచి వస్తూ ఉస్మాన్‌గంజ్‌లో దిగి ముద్ద ఇంగువ కొన్నాను. చిల్లు పెట్టడానికి చేతి డ్రిల్లు కావాలి. అది ఎవరి దగ్గర అడిగానో తెలుసా? సాలెహ్ చిచ్చా దగ్గర. క్యాలెండరుకు మేకు కొట్టాలని చెప్పాను. ఇస్తూ, చెయ్యి జాగ్రత్త సత్రా అన్నాడు.

నాకు సెలవుండి బాపుకు బడి ఉన్న మధ్యాహ్నాలు చూసుకున్నాను. గోడ వైపు, ఎవరికీ కనిపించని చోట, వేరు దగ్గర చిల్లు పెట్టి, ఇంగువ కూరి, పైన బురద మెత్తాను. మూడు నాలుగు సార్లు చేశాను. చిన్నప్పుడు బాపే చెప్పాడు, ఇంగువ అంటే ఒక మొక్క వేరులోంచి కారే పాలు అని. కూరుతున్నప్పుడు ఆ పాఠం గుర్తొచ్చింది. చేతులు ఆగలేదు.

రెండు నెలల్లో చెట్టు పై సగం ఎండింది. బాపుకు నిద్ర పట్టేది కాదు. ఆకులు ఏరి, నలిపి, బెరడు గీకి, వాసన చూసి, పాత పుస్తకాలు తిరగేసేవాడు. ఒకరోజు నేను చివరిసారి ఇంగువ పెట్టి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని, వంట చేశాను. బాపు ఎందుకో మధ్యాహ్నానికే వచ్చేశాడు. కూర్చున్నాడు. అన్నం పెట్టి చారు పోశాను. గిన్నె వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు.

"చారుల ఇంగువ ఏసినవా బిడ్డా?"

"లే బాపు. మనింట్ల ఇంగువ ఏడున్నది?"

"గదే... లేదు గదా. మరి వాసనొస్తున్నది."

బాపు అన్నం కలుపుతూ అడిగాడు.

"చెట్టు గిట్ల ఎందుకెండవట్టె? నీకేమన్న ఎర్కనా?"

"నాకేమెర్క బాపు? చిచ్చా గోడ మీదికెల్లి డబ్బతోని ఏందో పోస్తుంటడు. రోజు పోస్తడు."

"ఏం పోస్తడు?"

"ఏమో. నాకు తెల్వదు."

"నువ్వు చూసినవా?"

"ఆఁ. నా కండ్లతోని చూసిన."

బాపు చారు మొత్తం తాగి, కంచం తనే కడుక్కుని, బయటికి పోయి చెట్టు కింద నిలబడ్డాడు. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు పిలిచి అడుగుతాడు, ఇప్పుడు పిలిచి అడుగుతాడు అనుకున్నాను. అడగలేదు.

ఆ సాయంత్రం చాయ్‌కి వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. చిచ్చా గోడ మీంచి పిలిస్తే తలనొప్పిగా ఉందని చెప్పమన్నాడు. బడికి మూడు రోజులు రాని పిల్ల ఉంటే ఇల్లు వెతుక్కుంటూ వెళ్లే మనిషి, గోడ అవతలికి పది అడుగులు వేయలేదు. చిచ్చా వారం రోజులు పిలిచి మానుకున్నాడు. ఆయనకూ అభిమానం ఉంటుంది కదా. గల్లీలో చెట్టు గురించి అడిగినవాళ్లకు నేను అదే మాట చెప్పాను, గోడ మీంచి ఏదో పోసేవాడని. బాపు ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను. ఒకరికి చెబితే నలుగురికి చేరింది, నలుగురికి చేరాక అది ఏదో కాదు, తేజాబ్ అయింది, యాసిడ్.

ఆ ఏడాదే చిచ్చా షాపు తీసేసి బార్కస్‌కు, తమ్ముడి ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లేరోజు బాపు ఇంట్లో లేడు, లేదా ఉండకుండా చూసుకున్నాడు. చిచ్చా గోడ మీంచి ఒక పాత నూనె డబ్బా నా చేతికిచ్చాడు. "రఖ్ లే సత్రా. దూస్రా ఝాడ్ లగాయే తో కామ్ ఆతా." ఇంకో చెట్టు పెడితే పనికొస్తుంది, ఉంచుకో అని. నా ముఖంలోకి చూడలేదు. చూశాడేమో, నేనే చూడలేదు.

ఆ డబ్బా గురించి ఇప్పటిదాకా దాటేస్తూ వచ్చాను. మీకు అనుమానం వచ్చే ఉంటుంది. అందులో ఏముండేదో తెలియదని బాపుతో అన్నాను. తెలుసు. మధ్యాహ్నం నమాజుకు ముందు చిచ్చా షాపులో ముక్కాలిపీట మీద కూర్చుని వజూ చేసేవాడు. ముఖం, చేతులు, కాళ్లు కడుక్కున్న నీళ్లు కింద ఆ డబ్బాలోకి పట్టి, లేచి వచ్చి గోడ మీంచి మా చెట్టు మొదట్లో పోసేవాడు. ఎండాకాలం నీళ్లకు కటకట కదా. బాపు బడిలో ఉండే వేళ అది. బాపుకు తెలియదు. చిచ్చా చెప్పుకునే మనిషి కాదు. పెరట్లో బట్టలు ఆరేస్తూ ఎన్నిసార్లు చూశానో నేను. ఒకసారి అడిగాను కూడా. ఉత్తగా మోరీలో పోయే నీళ్లే కదా సత్రా అన్నాడు. చూసిన మాట నిజమే. అందుకే ఆ అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

చెట్టును నేనే చంపానా? అదీ తెలియదు. ఆ ఎండాకాలమే గల్లీకి సిమెంటు రోడ్డు వేశారు. వేళ్ల మీద నీటి చుక్క దిగకుండా పూసేశారు. అదే గల్లీలో గానుగ ఒకటి, వేప ఒకటి ఆ ఏడే ఎండిపోయాయి, వాటికి ఎవరూ ఇంగువ పెట్టలేదు. ఇంగువకు చెట్టు చస్తుందా చావదా అని తెలిసినవాళ్లను అడగాలనిపించి, అడిగితే ఎందుకని అడుగుతారేమోనని ఊరుకున్నాను. చెట్టు సంగతి నిజంగా నాకు తెలియదు. చిచ్చా సంగతి మాత్రం తెలుసు. దానికి సిమెంటు మీద నింద వేయలేను.

చెట్టు కొట్టించాం. గది వేశాం. ఇది రాస్తున్నది ఆ గదిలోనే. నీడ పోయింది కనుక మార్చి నుంచే పొయ్యి మీద పెనంలా ఉంటుంది. మధ్యాహ్నం ఇందులో ఉండలేను, కింద బాపు మంచం మీదే పడుకుంటాను.

చెట్టు పోయాక ఐదేళ్లకు చిచ్చా పోయాడు. మాకు వారం తర్వాత తెలిసింది. బాపు ఆ రోజు అన్నం తినలేదు. నేను వంటింటి గడపలో నిలబడ్డాను. చెప్పాలనే నిలబడ్డాను, ఒట్టు. బాపు తలెత్తి చూశాడు, చాలాసేపు చూశాడు. నేను, కొంచెం మజ్జిగన్నా తాగమన్నాను.

బాపు పోయి కూడా ఐదేళ్లయింది. మొన్న ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు బడిలో సభ పెట్టారు. తలలు నెరిసినవాళ్లు, బట్టతలలవాళ్లు, వరసగా నిలబడి చెట్ల హాజరు పిలుచుకున్నారు. పదిహేడు అనగానే అందరూ నావైపు తిరిగారు. "హాజర్ సార్" అన్నాను. చప్పట్లు. తర్వాత ఒకాయన మైకు తీసుకుని, సారు ఇంట్లో చెట్టుకు పక్కింటి సాలెహ్ విషం పోసి చంపాడని, సారు అయినా పోలీసుల దాకా పోలేదని, అంత పెద్ద మనసని చెప్పాడు. సభంతా అయ్యో అంది. ముందు వరసలో శాలువా కప్పుకుని కూర్చున్న నేను తల ఊపాను. నా తల నేను చెప్పకుండానే ఊగింది. చెప్పానేమో కూడా.

ఆ రోజే ఇంటికొచ్చి, బాపు పోయిన నాటి నుంచి గుడ్డలో కట్టి ఉన్న రిజిస్టర్లు విప్పాను. కొట్టేసిన చెట్లకు ఆయన పద్ధతి నాకు తెలుసు. మూడు వారాలు గై రాసి, ఆ పైన అడ్డగీత. గానుగకు గీత ఉంది. వేపకు గీత ఉంది. పదిహేడుకు లేదు.

పదిహేడుకు ప్రతి ఆదివారం "హా" ఉంది. చెట్టు లేని పద్నాలుగేళ్లూ ఉంది. ఆదివారాలు నన్ను పిలవడం ఆపేశాడు, రాయడం మాత్రం ఆపలేదు. పక్కన మార్పు కూడా రాశాడు. "వాడింది." "కొంచెం తేరుకుంది." "ఈ వారం బాగుంది." "నీరసం." చెట్టుకు రాసే మాటలే. మనిషికీ సరిపోతాయి. ఎవరి హాజరు వేసుకున్నాడు? మతి తప్పి లేని చెట్టుకు వేశాడా? పెరట్లో తిరుగుతున్న నాకు వేశాడా?

చిచ్చా పోయిన కబురు వచ్చిన వారం చూశాను. పద్నాలుగేళ్లలో ఆ ఒక్క ఆదివారమే "గై" ఉంది. పక్కన ఏమీ రాయలేదు. గై అంటే చెట్టు లేదని కాదు. చెప్పాల్సినవాళ్లు చెప్పలేదని.

అంటే బాపుకు తెలుసా? తెలిసే ఊరుకున్నాడా? తెలిస్తే, అబద్ధమాడిన పిలగాడిని గంటసేపు కూర్చోబెట్టి నచ్చజెప్పే మా సారు, కూతురి కోసం ఒక మంచి మనిషి మీద నింద ఉండనిచ్చాడు. నేను ఆయనను అలాంటివాణ్ని చేశాను. తెలియకపోతే, ప్రాణ స్నేహితుడు మోసం చేశాడనుకుంటూనే పోయాడు. ఏది జరిగి ఉంటే బాగుండును? ఈ వారమంతా రెండూ మార్చి మార్చి పెట్టుకుని చూశాను. ఏదీ కోరుకోలేకపోతున్నాను. ఒకవేళ ఆ గై, ఊరికే చెయ్యి తడబడి పడిందేమో. ముసలాయన కదా. అదీ అనుకుని చూశాను, నిలవలేదు. చిచ్చాకు కూడా తెలుసేమో. ఇంగువ అంటిన డ్రిల్లు తిరిగి తీసుకున్నది ఆయనే కదా.

బార్కస్‌లో చిచ్చా కూతురు ఉంది. ఇల్లు నాకు తెలుసు. వెళ్తానని ఇక్కడ రాయలేను. రాసి వెళ్లకపోతే అది ఇంకొకటి అవుతుంది. మీకు చెప్పడం ఆమెకు చెప్పడం కాదు, అంత తెలివి నాకుంది. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి ఆ డబ్బాలో ఉన్నవి వజూ నీళ్లని ఒక మనిషికి చెప్పాను. చెప్పాక ఊపిరి కొంచెం బాగా ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.

ఒక్కటి మిగిలింది. మంచం మీద రిజిస్టరు తెరిచే ఉంది, ఆ "గై" దగ్గర. ఆయన అడిగిన ప్రశ్నకు నేను జవాబు బాకీ. ఎవరూ లేని ఇంట్లో గట్టిగా చెప్పాను, చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

చారుల ఎయ్యలే బాపు. నా చేతులకున్నది.